నాలుగో గొట్టం

ఉదయం ఏడు గంటల పన్నెండు నిమిషాలకి తూర్పు గోడ కూలింది.

గోడంటే ఇటుక గోడ కాదు. కార్ పార్కింగ్ కోసం తొమ్మిది మీటర్ల లోతు తవ్విన గుంటకి నిలువుగా మిగిలిన మట్టి గోడ. పైన సన్నటి సిమెంటు పూత, లోపల మట్టిని పట్టి ఉంచే పొడవాటి ఇనప మేకులు. చూడ్డానికి ఏనుగొచ్చి గుద్దినా కదలదనిపించేది.

తొమ్మిదీ నలభైకి మట్టి కింద నుంచి శవాన్ని తీశారు.

వయసు యాభై ఎనిమిది. గుంట చుట్టూ నాలుగు, అడుగున ఒకటి, భూమిలో దింపిన ఐదు ఇనప గొట్టాల్లో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో రోజూ ఉదయం కొలిచి పుస్తకంలో రాయడం ఆయన ఉద్యోగం. చేతిలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు కాబట్టి సైట్లో అందరికీ టేపు బాబాయ్. పైన కొలతలు ముగించి, గుంట అడుగున ఉన్న ఐదో గొట్టం చూడ్డానికి నిచ్చెన దిగాడు. అంతే.

ఇన్‌స్పెక్టర్ ఎనిమిదీ ఇరవైకి వచ్చింది. పదీ అయిదుకల్లా అరెస్టు చేసేసింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆవిడకి ఇంత తొందరగా తేలిన కేసు లేదు. అనుమానం రావాల్సింది అక్కడే. రాలేదు.

అరెస్టయింది పంపుల మనిషి. పేరు అందరూ మర్చిపోయారు, మోటారు అంటారు. భూమిలో నీళ్ళు తోడటానికి గుంట చుట్టూ మూడు పంపులుంటే, గోడ కూలిన పూట మూడో పంపు ఆగి ఉంది.

"నేను ఆపమనలేదు మేడమ్," అన్నాడు సైట్ ఇంజనీరు. ముప్ఫై ఏళ్ళుంటాయి. అంత బురదలోనూ చొక్కా ఇస్త్రీ నలగలేదు.

మోటారు కాదనలేదు, ఔననలేదు. రెండు చేతులూ ముందుకు చాపాడు.

"నేనే చంపాను మేడమ్. తీసుకెళ్ళండి."

అప్పుడే వచ్చిన టేపు బాబాయ్ భార్య తిన్నగా వాడి దగ్గరికి నడిచి చెంప చెళ్ళుమనిపించింది. ఇన్‌స్పెక్టర్ పక్కనే ఉంది. ఆపలేదు.

*

మర్నాడు, పద్నాలుగో తారీకు, తొమ్మిది గంటలు. స్టేషన్.

ఊరెళ్ళిన మేజిస్ట్రేట్ సాయంత్రం నాలుగింటికి వస్తాడు, రాగానే మోటారుని ఆయన ముందు పెట్టాలి. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన కేసు, పైగా నేరం ఒప్పుకోలు. అయిదేళ్ళ దాకా పడొచ్చు. వాడికి పెళ్ళై ఏడు నెలలు. భార్య బయట బెంచీ మీద టిఫిన్ డబ్బా పట్టుకుని పొద్దుటి నుంచీ కూర్చుంది.

"స్టేట్‌మెంట్ రాసుకుంటున్నా. జాగ్రత్తగా చెప్పు. పంపు ఎన్నింటికి ఆపావు?"

"సాయంత్రం ఆరింటికి మేడమ్."

"పన్నెండో తారీకా?"

"నాలుగో తారీకు."

ఇన్‌స్పెక్టర్ పెన్ను ఆగింది.

"గోడ పడటానికి తొమ్మిది రోజుల ముందా?"

"అవును మేడమ్."

"ఎవరు ఆపమన్నారు?"

"ఇంజనీరు గారు. చప్పుడుకి నిద్ర పట్టట్లేదని వెనక అపార్ట్‌మెంటు వాళ్ళు రోజూ ఫోన్లు. నీళ్ళు బాగా దిగాయి, మూడోది ఆపెయ్ అన్నారు. నోటిమాటే. కాగితం లేదు."

"మరి నిన్న ఆ ముక్క చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదా మేడమ్."

మూల నిలబడ్డ హెడ్ కానిస్టేబుల్ దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ చూసిన చూపుకి దగ్గు తగ్గిపోయింది.

"ఆపమన్నది ఆయనైతే, చంపింది నువ్వంటావేంటి?"

మోటారు ఒక్కసారిగా మొదలెట్టాడు.

"పదకొండో తారీకు టీ తాగేటప్పుడు బాబాయ్ నాతో అన్నాడు మేడమ్. నాలుగో గొట్టంలో నీళ్ళు పెరుగుతున్నాయిరా అని. ఆఫీసుకి తెలుసులే బాబాయ్, రోజూ ఫోటో పంపుతున్నావుగా అన్నాను. నిజమేలే అన్నాడు. ఆ మాట అన్నది నా నోరే మేడమ్. లేచి నాలుగడుగులు వేసి స్విచ్ నొక్కితే పోయేది. టీ చల్లారిపోతుందని కూర్చున్నాను."

ఏడవటం మొదలెట్టాడు. మగాడు ఏడుస్తుంటే ఎటు చూడాలో ఇన్‌స్పెక్టర్‌కి ఇప్పటికీ తెలీదు. ఫోన్ తీసింది.

బాబాయ్ నుంచి ఇంజనీరుకి వచ్చి, ఇంజనీరు తనకి పంపిన ఫోటోలు పది. కొలతల పుస్తకంలో ఎడమ పేజీ. తారీకు, గొట్టం నంబరు, అంకె. గుండ్రటి దస్తూరీ. గొట్టం అంచు నుంచి నీళ్ళ దాకా టేపు ఎంత దిగిందో అదే ఆ అంకె. గొట్టం నేల మీదికి అరమీటరు పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి ఆ అరమీటరు తీసేస్తే నీళ్ళు నేలకి ఎంత కింద ఉన్నాయో తెలుస్తుంది. ఈ లెక్కంతా నిన్న ఇంజనీరే విప్పి చెప్పాడు. ఆరు మీటర్ల కిందే ఉండాలి. పైకొస్తే ప్రమాదం.

ఆఖరి ఫోటో, పదమూడో తారీకు, ఏడూ ఆరు నిమిషాలు. నాలుగో గొట్టం: 6.70. అరమీటరు తీస్తే 6.20.

ప్రమాదం లేదు.

ఆరు నిమిషాల తర్వాత గోడ కూలింది.

"జీపు తియ్," అంది ఇన్‌స్పెక్టర్.

*

పదీ నలభై. సైట్.

నాలుగో గొట్టం గుంట అంచుకి నాలుగు మీటర్ల వెనక ఉంది. కూలిన మట్టి రెండు మీటర్ల దాకా తినేసి ఆగింది కాబట్టి గొట్టం మిగిలింది. మోకాలి ఎత్తు. పైన ఊరికే బోర్లించిన మూత.

ఇన్‌స్పెక్టర్ కూర్చుంది. కూర్చోడానికి ఆవిడ మోకాళ్ళు ఒప్పుకోవు, అరిచాయి. మూత తీసింది.

గొట్టం అంచున మరలు. మరల చుట్టూ తెల్లటి టేపు. కుళాయి బిగించేటప్పుడు నీళ్ళు కారకుండా ప్లంబర్లు చుడతారే, అది. కొత్తగా ఉంది. ఒకచోట చిరిగి వేలాడుతోంది.

మిగతా గొట్టాలు చూసింది. వాటి మరలకి తుప్పు తప్ప ఏం లేదు.

"ఇంజనీరు గారూ, ఈ గొట్టం దగ్గరికి ఆఖరిసారి ఎప్పుడొచ్చారు?"

"రావాల్సిన పనేముంది మేడమ్? ఫోటోలు వస్తాయి కదా."

"నిన్న ఉదయం?"

"గోడ పడ్డాక అందరం గుంటలోనే ఉన్నాం, తవ్వుతూ."

"ఏడూ ఆరుకి నీళ్ళు మీ లెక్కలో సురక్షితం. ఏడూ పన్నెండుకి గోడ లేదు. ఎలా?"

"నేల సంగతి ఎవరు చెప్పగలం మేడమ్?"

"మీరే చెప్పాలి. దానికేగా మిమ్మల్ని పెట్టుకున్నది."

ఇంజనీరు జేబురుమాలు తీశాడు. "ఇందులో నా తప్పేం లేదు మేడమ్," అన్నాడు.

తప్పు సంగతి ఆవిడ ఇంకా ఎత్తలేదు.

*

పదకొండున్నర. టేపు బాబాయ్ ఇల్లు.

రెండు గదులు, ఒక వంటిల్లు. ముందు గదిలో బాబాయ్ భార్య తమ్ముడు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. అదే సైట్లో పైపు ఫిట్టరు. నిన్న బావని వట్టి చేతుల్తో తవ్వి తీసినవాడు. గోళ్ళు పగిలిపోయి ఉన్నాయి.

ఆవిడ వంటింట్లో నిలబడే మాట్లాడింది. కూర్చుంటే లేవలేనంది.

"నేనే చంపుకున్నాను మేడమ్."

ఇన్‌స్పెక్టర్‌కి నిన్నటి నుంచీ ఈ మాట రెండోసారి. "అదేంటమ్మా?"

"నిన్న పొద్దున ఒళ్ళు బరువుగా ఉంది, సెలవు పెడతానన్నాడు. ఇంట్లో ఉండి నా ప్రాణం తీస్తావు, వెళ్ళు అన్నాను. సరదాకే అన్నాను. నవ్వుతూనే వెళ్ళాడు."

ఏం చెప్పాలో తోచక ఇన్‌స్పెక్టర్ పని గురించి అడిగింది. నీళ్ళు పెరిగితే మట్టి ఎందుకు కూలుతుందో ఆయన ఎప్పుడైనా చెప్పేవాడా?

"ఇంకో మాట ఉండేదా ఆయనకి!"

ఆవిడ అలమరలోంచి కొత్త కాఫీ పొడి ప్యాకెట్ తీసింది. గాలి పీల్చేసి మూసిన రకం. ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టింది. రాయిలా ఉంది.

"నొక్కండి. నొక్కుపడుతుందా? గింజా గింజా ఒకదాన్నొకటి అదిమి పట్టుకున్నాయి కాబట్టి ఆ గట్టిదనం. ఇప్పుడు చూడండి."

చాకు మొనతో చిన్న గాటు పెట్టింది. సుయ్‌మంది. ప్యాకెట్ ఇన్‌స్పెక్టర్ వేళ్ళ మధ్య మెత్తబడిపోయింది.

"పొడి అదే, బరువూ అదే. మధ్యలో గాలి దూరి గింజల్ని విడదీసింది. పట్టు పోయింది. నేలలో అయితే నీళ్ళు ఆ పని చేస్తాయట. నీళ్ళు పైకొచ్చేకొద్దీ మట్టిలో ఒత్తిడి పెరిగి గింజల్ని విడదీస్తుంది. పైకి చూస్తే నేల మామూలుగానే ఉంటుందే, లోపల పట్టు ఉండదు అనేవాడు."

"ఎంతసేపట్లో అవుతుందమ్మా అది? నిమిషాల్లోనా?"

"నిమిషాల్లోనా? అది బంకమట్టి మేడమ్. రోజులు పడుతుందిట. అందుకే రోజూ కొలవాలి, ఒక్క పూట మానకూడదు అనేవాడు." ఆవిడ చాకు గట్టు మీద పెట్టింది. "అలాంటివాడు సెలవు పెడతానంటే వినలేదు నేను."

తలుపు వెనక మేకుకి వెడల్పాటి పట్టీ ఒకటి వేలాడుతోంది.

"ఇదేంటి?"

"నడుం పట్టీ. ఆరేళ్ళుగా నొప్పి. వంగి గొట్టంలో టేపు వదలాలంటే ప్రాణం పోయేది. పది రోజుల్నుంచీ పెట్టుకోవట్లేదు. ఆ నాలుగో దాని దగ్గరే చాలాసేపు వంగాల్సొచ్చేది, ఆ బాధ తప్పింది, హాయిగా ఉందే అన్నాడు."

ఇన్‌స్పెక్టర్ పట్టీ వైపు చూసింది. పొద్దున తన మోకాళ్ళు అరిచిన అరుపు గుర్తొచ్చింది. మోకాలి ఎత్తు గొట్టంలో వంగకుండా ఎలా కొలుస్తాడు ఎవరైనా?

*

ఒంటిగంటన్నర. స్టేషన్.

"ఆయన చొక్కాలో దొరికిన పుస్తకం ఏది?"

"ఫ్యాన్ కింద ఆరబెట్టాను మేడమ్. పేజీలన్నీ బురదతో అతుక్కుపోయాయి. మా ఆవిడ అప్పడాలు విడదీసినట్టు ఒక్కోటీ తీస్తున్నా," అన్నాడు హెడ్.

"నాలుగో తారీకు తియ్."

ఎడమ పేజీ తెలిసిందే. కుడి పేజీ ఎవరూ చూడలేదు. పైన 'రిమార్కులు' అని అచ్చు. కింద అదే గుండ్రటి దస్తూరీలో రెండు వరసలు.

చదివి ఇన్‌స్పెక్టర్ కుర్చీలో వెనక్కి వాలింది. హెడ్ మంచినీళ్ళు తేనా అన్నాడు. వద్దంది.

ఈ పుస్తకం నిన్న పదింటి నుంచీ తన దగ్గరే ఉంది. తను చూసింది ఫోటోలు. ఫోటో శుభ్రంగా ఉంది, పుస్తకం బురదగా ఉంది. అంత మాత్రానికి ఒక మనిషిని అందరి ముందూ బేడీలేసి, దెబ్బ తినిపించి, ఒక రాత్రి లాకప్‌లో పడుకోబెట్టింది. ఛీ అనుకుంది తనని తనే. గట్టిగానే అనుకుంది కాబోలు, హెడ్ "మేడమ్?" అన్నాడు.

"సైట్లో తుక్కు ఎక్కడ పడేస్తారో వెతుకు. మీటరు పొడుగు గొట్టం ముక్క. అందరినీ నాలుగో గొట్టం దగ్గరికి రమ్మను. మోటారుని కూడా."

*

రెండూ నలభై అయిదు. సైట్.

ఇంజనీరు. ఫిట్టరు. వాళ్ళక్క. బేడీలతో మోటారు. అక్క మోటారు వైపు చూడటం లేదు. మోటారు ఎవరి వైపూ చూడటం లేదు.

హెడ్ గొట్టం ముక్క తెచ్చాడు. రేకుల షెడ్డు వెనక తుక్కులో దొరికింది. ఒక చివర జాయింటు, దాని మీద రెంచి పళ్ళ గాట్లు.

"ఇది నీ పనేనా?" ఫిట్టరుని అడిగింది.

"నాదే మేడమ్. మూడో తారీకు సాయంత్రం వేశాను." వాడు అయోమయంగా చూశాడు. "ఇది ఊడిందెందుకు?"

"వెయ్యి మళ్ళీ."

వాడు చేత్తోనే మూడు చుట్లు తిప్పాడు. గొట్టం వాడి మెడ దాకా వచ్చింది.

"బావకి నడుం నొప్పి మేడమ్. నిలబడి కొలుచుకుంటాడని పెంచాను. చాలా సంతోషించాడు."

"నీ రెంచి ఏది?"

"నిన్న పోయింది. అంటే ఇంజనీరు గారు అడిగారు, ఎనిమిదింటికి. నిచ్చెన బిగించాలన్నారు. నేను తవ్వుతున్నాను, విసిరేశాను ఆయన వైపు."

"నిచ్చెన చెక్కది," అన్నాడు మోటారు. వచ్చాక వాడు మాట్లాడిన మొదటి మాట అది.

ఇన్‌స్పెక్టర్ ఇంజనీరు వైపు తిరిగింది.

"ఈ గొట్టం ఇప్పుడు నేల మీద ఎంతుంది?"

ఇంజనీరు బూట్ల బురద చూసుకుంటుంటే ఆవిడే చెప్పింది.

"అరమీటరు ప్లస్ మీటరు. ఒకటిన్నర. పదమూడో తారీకు కొలత 6.70. ఒకటిన్నర తీసి చెప్పండి."

"ఐదు ఇరవై," అన్నాడు ఇంజనీరు, ఎవరో వెనక నుంచి చెప్పిస్తున్నట్టు.

"హద్దు ఎంత?"

"ఆరు."

"మూడో తారీకు అంకె 6.80. నాలుగో తారీకు 7.80. కొత్త పంపు పెట్టలేదు. ఒక్క రాత్రిలో మీటరు నీళ్ళు ఎక్కడికి పోయాయి? చదువుకున్నవారు. ఆశ్చర్యం వేయలేదా?"

ఇంజనీరు తల ఎత్తకుండానే అన్నాడు. "సంతోషం వేసింది మేడమ్."

రాసుకుంటున్న హెడ్ తలెత్తి చూశాడు.

"ఆ అపార్ట్‌మెంటు ఫోన్లతో పిచ్చెక్కిపోతోంది. పంపు ఆపడానికి వంక దొరికిందనుకున్నాను. వచ్చి చూడలేదు. నిన్న గోడ పడ్డాక వచ్చి చూస్తే గొట్టం నా మెడ దాకా ఉంది. అప్పుడర్థమైంది. విప్పి తుక్కులో పారేశాను." ఇస్త్రీ చొక్కా భుజాలు జారిపోయాయి. "ఆయన నాకు చెప్పలేదు మేడమ్. ఒక్క మాట చెప్పుంటే..."

ఇన్‌స్పెక్టర్ పుస్తకం తెరిచి కుడి పేజీ చదివింది.

"'నాలుగో గొట్టం ఒక మీటరు పెంచారు. లెక్కలో మీటరు తీసేయగలరు.' నాలుగో తారీకు. ఎడమ పేజీ ఒక్కటే ఫోటోలో వచ్చేలా పుస్తకం వెనక్కి మడిచి పంపడం ఎవరు నేర్పారాయనకి?"

ఇంజనీరు మొహం కప్పుకున్నాడు.

"అంకెలు చాలన్నాను. మిగతా సోది పంపొద్దన్నాను."

హెడ్ ముందుకొచ్చాడు. ఇన్‌స్పెక్టర్ మోటారు బేడీలు తనే విప్పింది. అవే ఇంజనీరుకి వేయించింది.

"నిన్న తొందరపడ్డాను," అంది మోటారుతో, అందరికీ వినపడేలా. "తప్పు నాది. నీ భార్య స్టేషన్ బయట కూర్చునుంది. హెడ్ దింపుతాడు, వెళ్ళు."

మోటారు మణికట్లు రుద్దుకుంటూ అక్కడే నిలబడ్డాడు. వదిలేశారన్న సంతోషం వాడి మొహంలో ఎక్కడా లేదు. అక్క ఒక అడుగు ముందుకేసి, వాడి చెంప మీద చెయ్యి పెట్టి తీసేసింది. వాడు తల వంచుకుని జీపు వైపు నడిచాడు.

కేసు తేలింది. టైము మూడూ అయిదు. ఇన్‌స్పెక్టర్‌కి ఊపిరి పీల్చుకునే తీరిక కూడా దొరకలేదు, ఎందుకంటే ఫిట్టరు గొట్టం పట్టుకుని అలాగే ఉన్నాడు. లెక్క వాడికి ఆలస్యంగా ఎక్కుతోంది. పెదాలు కదులుతున్నాయి. మీటరు. మీటరు పెంచారు.

"అక్కా," అన్నాడు. "నేను పెంచకపోతే?"

ఒకడిని విడిపించే తొందరలో ఇంకొకడి మెడకి ఏం తగిలించిందో ఇన్‌స్పెక్టర్‌కి అప్పుడు కనపడింది.

"నువ్వు కాదురా," అక్క వాడి మాట పూర్తి కానివ్వలేదు. "నేనేగా అడిగింది. బావకి నడుం పోతోంది, ఏదైనా చెయ్యరా అని ప్రాణం తీసింది నేనేగా."

"వేసింది నేను కదక్కా."

ఆవిడ తమ్ముడి మొహం చూసింది. తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి, నిలకడగా, కోర్టులో అడిగినట్టు అడిగింది.

"మేడమ్, మీరు చెప్పండి. ఆ ముక్క వేయకపోయినా గోడ పడేదేనా?"

పడేది కాదు. అంకె మారేది కాదు, ఇంజనీరు పంపు ఆపేవాడు కాదు, నీళ్ళు పెరిగేవి కావు. ఇది ఇన్‌స్పెక్టర్‌కి తెలుసు. ఇరవై ఆరేళ్ళలో సాక్షులతో ఆవిడ చాలా కటువుగా మాట్లాడింది గానీ, అబద్ధం మాత్రం ఆడలేదు.

"పడేదేనమ్మా," అంది. "ఆ అపార్ట్‌మెంటు గొడవకి ఇవాళ కాకపోతే రేపు ఏదో వంక పెట్టి పంపు ఆపేవాడే. మీ తమ్ముడు చేసిన దానికీ దీనికీ సంబంధం లేదు."

"విన్నావా?" అంది ఆవిడ తమ్ముడితో. "పోలీసులు చెప్తున్నారు. విన్నావా లేదా?"

వాడు తలూపాడు. గొట్టం వదిలేశాడు. గేటు వైపు నడవడం మొదలెట్టాడు.

ఆవిడ వెంటనే కదల్లేదు. వాడు దూరం వెళ్ళేదాకా ఆగి, గొంతు బాగా తగ్గించింది. పాతికేళ్ళు ఆ మట్టి కబుర్లు విన్న మనిషి. అబద్ధమని తెలియకుండా ఎలా ఉంటుంది?

"కోర్టులో కూడా ఇలాగే చెప్తారా మేడమ్?"

ఇన్‌స్పెక్టర్ ఆవిడ కళ్ళలోకి చూడలేకపోయింది.

"చెప్పలేనమ్మా. అక్కడ ఉన్నదే చెప్పాలి."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"మూడు నెలలు. నాలుగు కావచ్చు."

ఆవిడ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది.

"చాలు మేడమ్," అంది. "ఈలోపల వాణ్ణి నేను మెల్లగా సిద్ధం చేసుకుంటాను."

కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుని, గేటు దగ్గర నిలబడ్డ తమ్ముడికి వినపడేలా "వస్తున్నా ఉండరా" అని కేకేసి వెళ్ళిపోయింది.